కరుణాకరం మైకుబండి

ఏందిరా మాల్యాద్రీ, పొద్దున్నుంచీ కారు తలుపులు ఊడబీక్కొని కూర్చున్నావు, మీ అమ్మ అన్నానికి పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకునింది. డెక్కు పెడతన్నావా? పెట్టు, పెట్టు, సొంత కారు, సొంత డబ్బు, ఎవుడొద్దన్నాడు. స్పీకర్లు ఎన్నేంది? నాలుగా? ముందర రెండు, ఎనక రెండు. ఊఁ. ఒంగోల్లో కొట్టువాడు చెప్పినాడా అట్ల పెట్టమని? నవ్వలేదురా. నవ్వితే నవ్వినా అని చెప్తా, నాకేం భయం. ముందుకొకటి ఎనక్కొకటి ఉండాలయ్యా అనే మాట నేను నలభై అయిదేండ్ల కిందనే విన్నా, మద్రాసులో, ఒక అంగడి ముందర నిలబడి. చెప్పింది కరుణాకరం. నీకు తెలీదులే, మీ అమ్మకి గూడా సరిగా గుర్తుండదు. ఆయన పోయి ముప్పై ఏండ్లు అయిపోయింది, గిద్దలూరులో, షెడ్డులోనే, లారీ కింద పడుకొని పనిచేస్తా చేస్తా గుండె ఆగిపోయింది. ఆ స్క్రూడ్రైవరు అట్ల పక్కన బెట్టి ఇను. లేదంటే తిప్పుకుంటానే ఇను, నీ చెవులు ఖాళీగానే ఉండాయి గదా.

అప్పుడు మనది కర్నూలు జిల్లా, మద్రాసు రాజధాని కింద. తెల్లోళ్ళు ఇంకా పోలేదు, ఇదిగో పోతారు అదిగో పోతారు అంటన్నారు. నాకు ఇరవై మూడేండ్లు. చదువు అబ్బలేదు, సేద్యం ఒంటికి పడలేదు, నాటకాల్లో పద్యాలు పాడుకుంటా ఊర్లు తిరిగేవాణ్ణి. మా నాయన విసిగిపోయి వెంకటసుబ్బయ్య మామ దగ్గర పడేసినాడు. సొంత మామ కాదు, వరసకి మామ. మార్కాపురంలో డేరా సినిమా ఆయనది. గుడ్డ డేరా, ముందర నేల, ఎనక బెంచీలు. పలకల పనికి పోయే కూలోళ్ళు సాయంత్రమయ్యేసరికి చేతులకంటిన పలకపొడి గూడా కడుక్కోకుండా వచ్చి కూర్చునేవాళ్ళు. నా పని గేటుకాడ టిక్కెట్లు చించేది, పగటిపూట పక్క ఊర్లమీద పోయి సినిమా మారిందని కేకేసేది. జట్కామీద నిలబడి రేకుబాకా నోటికాడ పెట్టుకొని అరిచేవాణ్ణి. నాలుగూర్లు తిరిగొచ్చేసరికి నోట్లోంచి ఒట్టి గాలి వచ్చేది. నాకు లోపల ఏడుపు. పద్యం పాడే గొంతురా అది, నన్ను అడుగు, ఎవుర్నన్నా అడుగు. ఆ, అడగటానికి ఇప్పుడు ఎవురూ లేరులే.

కరుణాకరం వచ్చింది నలభై ఆరులో, యుద్ధం అయిపోయినాక. పుల్లలచెరువు పోయే దోవలో ఎర్రవాగుపల్లె అని ఒక ఊరుండేది, అడవి అంచున. ఆ ఊరి పాలెం మనిషి, పాలెం అంటే ఊరోళ్ళు ముట్టుకోనోళ్ళ వాడ. మిషనోళ్ళ బళ్ళో అయిదు దాకా చదివినాడు. పటాలంలో చేరి బర్మా దాకా పోయి లారీ తోలినాడు, ఆఖర్న వైర్లెస్ బండిలో పని నేర్చుకున్నాడంట. నల్లగా, పొడుగ్గా ఉండేవాడు, మాట తక్కువ. చేతులు మాత్రం చూడాలిరా, అంత లావు వేళ్ళతో అంత సన్న తీగ పట్టుకుంటే ఆ తీగ వణికేది కాదు. నాకంటే ఏడేండ్లు పెద్ద. నేను "ఒరే కరుణాకరం" అనేవాణ్ణి, ఆయన నన్ను "అయ్యా" అనేవాడు. అప్పుడు అట్లనే ఉండేది. నాకు తప్పనిపించలేదు, అదీ చెప్పాల గదా. ఇప్పుడు ఆయన అంటన్నా, ఆయనకి వినపడదు.

పటాలంలో చేరటానికి మూడు నెలల ముందు పెండ్లయింది ఆయనకి. ఆ పిల్ల పేరు దయామణి. నాలుగేండ్లు ఆ పిల్ల పాలెంలో అత్తగారింట్లోనే ఉండి ఎదురుచూసింది. మనిషి తిరిగొచ్చినాడు గానీ మార్కాపురంలో పని, డేరాలోనే పడక, ఆదివారం ప్రార్థనకి మాత్రం ఊరికి పోయేవాడు. "ఒక గది దొరికితే చాలయ్యా, ఈస్టరు పోయినాక తెచ్చుకుంటా" అనేవాడు. ఇంకేం మాట్లాడకపోయినా ఆ మాట మాత్రం వారానికి ఒకసారి అనేవాడు. నేను ఎగతాళి చేసేవాణ్ణి. "ఏందిరా, బర్మా చూసొచ్చినోడివి, భార్యని చూడకుండా ఒక వారం ఉండలేవా?" అని. ఆయన తల వంచుకొని నవ్వేవాడు.

వెంకటసుబ్బయ్య మామ పాత ఫోర్డు కారు ఒకటి కొన్నాడు, గుడ్డ టాపుది. దానికి మైకు కట్టించాలని ఆయనకి పిచ్చి పట్టింది. కర్నూల్లో ఎవుడో కట్టించుకున్నాడని విన్నాడు, ఇంక నిద్ర పట్టలేదు మనిషికి. ముగ్గురం రైలెక్కి మద్రాసు పోయినాం. నాకు సముద్రం చూద్దామని ఉండింది, మామ చూపించలేదు. "సముద్రం యాడికీ పోదు, సామాను అమ్ముడుపోతాది" అన్నాడు. మూర్ మార్కెట్టులో పటాలం వాళ్ళు వదిలేసిన సామాను గుట్టలు గుట్టలుగా పోసి అమ్మతన్నారు. ఆడ కరుణాకరం బేరం చూడాలి. ఆంప్లిఫయరు డబ్బాని ముక్కుకాడ పెట్టుకొని వాసన చూసేవాడు, లోపల తీగచుట్ట కాలి ఉంటే మాడు వాసన వస్తాదంట. గాజు వాల్వులు తీసి చెవికాడ పెట్టుకొని ఊపేవాడు. అంగడివాడు అరవంలో తిడతన్నాడు, ఆయన వింటే గదా. తొమ్మిది డబ్బాలు చూసి పదోది, పచ్చరంగుది, తీసుకున్నాడు. మైకు, దానికి తీగలు, గ్రామఫోను పెట్టె, అన్నీ అట్లనే ఏరినాడు.

కొమ్ముకాడికి వచ్చేసరికి పేచీ. లౌడ్‌స్పీకరు కొమ్మురా, గొట్టంది, ఇప్పుడు మసీదుమీద ఉంటాది చూడు. నన్ను మైకు ముందర నిలబెట్టి "మాట్లాడతా ఉండయ్యా, ఆపొద్దు" అని ఆయన నడుచుకుంటా పోయినాడు. నేను ఒక పద్యం ఎత్తుకున్నా, జనం మూగినారు, నాకు సంతోషం. ఆయన వీధి చివరికి పోయినాడు, పక్క సందులోకి పోయినాడు, కొమ్ము ఎనక పక్కకి పోయి గోడకానుకొని నిలబడినాడు. తిరిగొచ్చి చెప్పినాడు, "ముందర అర మైలు వినపడతాదయ్యా. పక్కకి పోతే మాట సగం పోతాంది. ఎనక నిలబడితే ఒట్టి మోతే, మాట లేదు. ఈ పెద్దది వద్దు, చిన్నవి రెండు తీసుకుందాం, ముందుకొకటి, ఎనక్కొకటి. బండి పోయినాక గూడా మాట వినపడాల." అదీ, ఇందాక నేను చెప్పిన మాట. మామ ఒప్పుకోలేదు. "ఏందిరా నువ్వు చెప్పేది? ఎవురు చూసినా అబ్బ, వెంకటసుబ్బయ్య బండి కొమ్ము అనాల! ఆ చిన్నవి పిల్లోళ్ళు ఊదే పీకలు!" అన్నాడు. చేటంత నోరున్న కొమ్ము, తెల్లగా తళతళమంటా ఉండింది, అది కొన్నాడు. నేను గూడా మామ పక్కే మాట్లాడినా. పెద్ద కొమ్ములో నా పద్యం బాగా పలికింది గదా.

బిగించటానికి పదకొండు రోజులు పట్టింది. నువ్వు ఒక్కరోజులో అవ్వలేదని కొట్టువాణ్ణి తిడతన్నావు. గుడ్డ టాపు బరువు మొయ్యదని టేకు చెక్క అడ్డంగా వేసి, బోల్టులు కిందికి బండి ఇనుములోకి దించినాడు. ఎనక సీటు కింద రెండు బ్యాటరీలు, ఒకటి బండికి, ఒకటి మైకుకి. గ్రామఫోను కింద ట్యూబుముక్కలు పరిచినాడు ముల్లు ఎగరకుండా. అన్నీ అయినాయి అనుకొని ఇంజను వేస్తే కొమ్ములోంచి టపటపటపటప, నా మాటకంటే అదే పెద్దగా వస్తాంది. మామ మొహం మాడిపోయింది. కరుణాకరం ఏం కంగారు పడలేదు. ప్లగ్గు ప్లగ్గుకీ ఏందో చిన్న ముక్క కట్టినాడు, డైనమోకి ఒక డబ్బీ కట్టినాడు, ఎర్తు తీగ కాడ రంగంతా గీకి ఇనుము తెల్లగా కనపడేదాకా రుద్దినాడు. నాలుగు రోజులు అదే పని. అయిదో రోజు ఇంజను నడస్తా ఉంటే నేను మైకులో ఊపిరి తీసుకున్నా. నా ఊపిరి వీధి చివర వినపడింది. నాకు ఒళ్ళు జలదరించింది, నిజం చెప్తన్నా.

ఒక్కటే మిగిలింది, గుంతలో పడితే కొమ్ము గడగడలాడతాంది. దానికి తోలుముక్కలు కావాలన్నాడు, నాయనకి కబురు పెట్టినాడు. వాళ్ళ నాయన పిచ్చయ్య. ఎర్రవాగుపల్లెలో దండోరా కొట్టేది ఆయనే. కరణం ఏదన్నా చెప్పాలంటే, శిస్తు అని, జమాబందీ అని, ఎద్దు తప్పిపోయిందని, పిచ్చయ్య డప్పు కొట్టుకుంటా ఊరంతా తిరిగి చెప్పాల. ముసలాయన ఇరవై మైళ్ళు నడిచి వచ్చినాడు, గుడ్డలో కట్టుకొని తోలు తెచ్చినాడు. ఒక్కొక్క బోల్టు కొలత చూసి గుండ్రంగా కోసి ఇచ్చినాడు. బిగించినాక కొమ్ము కదల్లేదు. అప్పుడు కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, కొమ్ములోకి తొంగి చూసి, "ఇది మోగితే ఇంక నేను కొట్టబన్లేదా నాయనా?" అన్నాడు. కరుణాకరం ఏమన్నాడనుకున్నావు? "ఇంక ఆ డప్పు కింద పెట్టు నాయనా. మోకాళ్ళు పట్టుకపోయినాయి నీకు. కరణంతో వెంకటసుబ్బయ్యగారు మాట్లాడతారు. ఏదన్నా ఉంటే నేను బండిలో వచ్చి తిరుగుతా." ముసలాయన "ఎట్ల తిరుగుతావురా?" అన్నాడు. "నువ్వు తిరిగినట్లే నాయనా. చిన్నప్పట్నుంచీ నీ ఎనక తిరిగినోణ్ణేగా. చావిడి కాడ మొదలుపెట్టి, కరణం వీధి, నడివీధి, రెడ్ల వీధి, వాగు ఒడ్డున ఆపి కట్టేస్తా." ముసలాయన తల ఊపినాడు. అంతా సరిగ్గా చెప్పినాడని సంతోషపడినాడు గూడా.

ఆ చలికాలమంతా మాదే రాజ్యం. కంభం దాకా, బేస్తవారిపేట దాకా పోయినాం. బండి వస్తాందంటే పొలాల్లో పని ఆపేవాళ్ళు. ముందు పాట ఒకటి, తర్వాత నా గొంతు, తర్వాత మళ్ళీ పాట. ఆడోళ్ళు నన్ను చూడను వచ్చేవాళ్ళు, ఈ గొంతు ఎవురిదా అని. చూసినాక కొంచెం నిరాశ పడేవాళ్ళులే, నాకు తెలుసు. కరుణాకరం మాత్రం బండి దిగేవాడు కాదు. ఒక చెయ్యి స్టీరింగుమీద, ఒక చెయ్యి ఎనక్కి చాచి డబ్బా వేడెక్కిందా అని పట్టుకు చూస్తా ఉండేవాడు. దయామణి ఒక్కసారన్నా సినిమా చూడలేదని, తెస్తానని మాటిచ్చినాడంట. ఈస్టరుకి, ఈస్టరుకి అంటా ఉండినాడు.

శివరాత్రి పోయింది. శ్రీశైలం పోయినోళ్ళు అడవి దోవన తిరిగొస్తన్నారు. ఆ ఏడు వాళ్ళతో గత్తర వచ్చింది. కలరారా. ఎర్రవాగు పై తట్టు ఒక గూడెంకాడ యాత్రికులు దిగినారు, ఆడ్నే ముగ్గురు పోయినారు, వాళ్ళ గుడ్డలన్నీ వాగులో ఉతికినారు. శానిటరీ ఇనస్పెక్టరు డేరాకాడికి పరిగెత్తుకొచ్చినాడు. "వెంకటసుబ్బయ్యగారూ, మీ బండి రెండు రోజులు ఇవ్వాలి, పెట్రోలు కూపన్లు నేను ఇప్పిస్తా, పన్నెండూర్లు చెప్పి రావాలి" అన్నాడు. మంచి మనిషి, చిన్న వయసు, మూడు రోజుల్నుంచీ నిద్ర లేదు కళ్ళల్లో. మామ కాదనలేదు, అది చెప్పుకోవాలి. చెప్పాల్సిన మాట కాగితంమీద రాసిచ్చినారు. వాగునీళ్ళు తాగొద్దు. చెలమనీళ్ళు తాగొద్దు. ఎనిమిది రోజుల దాకా ముట్టొద్దు. పొలంలో ఉన్న ఫలానా మోటబావి అందరికీ తెరిపించినాం, ఆ నీళ్ళు కాచుకొని తాగండి. చెలమ అంటే తెలుసునా నీకు? వాగు ఇసకలో చేత్తో గుంత తీస్తే అడుగున నీళ్ళు ఊరతాయి, చిప్పతో తోడుకునేది. నీకెందుకు తెలుస్తాది, కొళాయి పుట్టినాక పుట్టినోడివి.

కరుణాకరం ఆ కాగితం తీసుకొని ఊర్ల పేర్లు చదివినాడు. "మా ఊరు అయిదోది పెట్టినారయ్యా. మొదట పోదాం" అన్నాడు. ఆయన నోరు తెరిచి ఒకటి కావాలని అడగటం అదే మొదలు. ఇనస్పెక్టరు పటం చూపించి చెప్పినాడు, దోవ అట్ల లేదు, వరసన పోతేనే పెట్రోలు సరిపోతాదని. కరుణాకరం సరేనన్నాడు. ఆ రోజు బండి ఎట్ల తోలినాడురా! గుంత లేదు, రాయి లేదు. ఇనస్పెక్టరు ముందర సీట్లో, నేను ఎనక మైకు పట్టుకొని ఎగిరెగిరి పడతన్నా. పాట పెట్టలేదు, ఒట్టి మాటే. ఎర్రవాగుపల్లెకి వచ్చేసరికి పొద్దు వాలింది. బ్యాటరీ నీరసించింది, ఆ డైనమో రెండు బ్యాటరీలకీ ఛార్జీ ఎక్కియ్యలేదు. ఇంజను ఆపితే మళ్ళీ లేస్తాదో లేదో అన్నట్టుంది. చావిడి కాడ మొదలుపెట్టినాం. కరణం వీధి, నడివీధి, రెడ్ల వీధి. నేను గొంతు పోయేదాకా చెప్పినా. అరుగులమీద వాళ్ళంతా నిలబడి విన్నారు. వాగు ఒడ్డుకి వచ్చి బండి ఆపి మైకు కట్టేసినాం. వాగు అవతల పాలెం, గుడిసెల్లోంచి పొయ్యిల పొగ వస్తాంది. కారు ఆ ఇసకలో దిగదు, దిగితే ఎక్కదు. కరుణాకరం అటే చూస్తా, "ఒక్కసారి ఇంటికి పోయొస్తానయ్యా. దయామణిని చూసొస్తా, ఇంజను ఆపను, పది నిమిషాలు" అన్నాడు. ఇనస్పెక్టరు టయిం లేదన్నాడు, ఇంకా రెండూర్లు ఉండాయన్నాడు. కరుణాకరం స్టీరింగు పట్టుకున్నాడు. బండి ఎనక్కి తిప్పినాడు.

మిగిలిన ఊర్లు మర్నాడు ముగించినాం, ఆయనకి ఇంటికి పోను తీరలేదు. ఆరో రోజు మధ్యాహ్నం రాజరత్నం అని, ఆ పాలెం మనిషే, డేరాకాడికి వచ్చినాడు. లోపలికి రాలేదు, గేటు బయట ఎండలో నిలబడినాడు. నేనే చూసినా. "కరుణాకరాన్ని పిలువయ్యా" అన్నాడు. ఏందిరా అంటే నాకు చెప్పలేదు. కరుణాకరం చేతులు తుడుచుకుంటా వచ్చినాడు. రాజరత్నం ఆయన భుజంమీద చెయ్యేసి రెండు మాటలు చెప్పినాడు. ఆయన చేతిలో గుడ్డ అట్లనే ఉండింది. తుడుచుకుంటానే ఉండినాడు, తుడుచుకుంటానే ఉండినాడు, చేతులకి ఏం లేకపోయినా.

నేను గూడా పోయినా బండిలో. వాగు ఒడ్డుకి పోయినాక ఆయన దిగి పరిగెత్తినాడు. పాలెంలో తొమ్మిదిమంది పోయినారు. దయామణిని ముందు రోజే పూడ్చినారు. ఊళ్ళో మాత్రం ఒక్కరికీ ఏం కాలేదు. ఊళ్ళో వాళ్ళకి బావి ఉంది, వాళ్ళు వాగునీళ్ళు తాగేదెప్పుడు? చెలమనీళ్ళు తాగేది పాలెం వాళ్ళు. ఊరి బావిలో వాళ్ళని చేద వేయనియ్యరు గదా. తాగనోళ్ళ వాకిళ్ళల్లో నిలబడి తాగొద్దు తాగొద్దు అని అరిచినా నేను, గొంతు పోయేదాకా.

పిచ్చయ్య గుడిసె ముందర కూర్చొని ఉండినాడు. కొడుకుని చూసి ఏడవలేదు, తిట్టలేదు. మామూలుగా చెప్పినాడు, నేను దూరంగా నిలబడి విన్నా. "బండి మోత విన్నాం నాయనా. ఆ పిల్ల బయటికొచ్చి నిలబడి చూసింది. సినిమా మారినట్టుంది మామా, ఈసారి నన్ను తీసకపోతానన్నాడు, అనింది. నేను గూడా సినిమానే అనుకున్నా. మాట తెలవలేదు నాయనా, ఒట్టి మోతే వచ్చింది." కరుణాకరం మోకాళ్ళమీద కూలబడి, "నువ్వు తిరిగినట్లే తిరిగినా నాయనా, ఒక్క వీధి గూడా వదల్లేదు" అన్నాడు. ముసలాయన ఆయన తలమీద చెయ్యి పెట్టినాడు. "అవును నాయనా. పాలెంలో నేనెప్పుడూ కొట్టలేదు. దండోరా కొట్టినోడు ఇంటికి వస్తాడు గదా. వచ్చి చెప్పేవాణ్ణి. నేను డప్పు గోడకి తగిలించేలోపల పాలెం అంతా తెలిసిపోయేది. నువ్వు ఇంటికి రాలేదు, అంతే." ఆ అంతే అన్నప్పుడు ఆయన గొంతులో కోపం గనక ఉండుంటే నేను తట్టుకునేవాణ్ణి.

అందరూ అట్లనే అనుకున్నారు తర్వాత. కరణం వాళ్ళు, మామ, అందరూ. దండోరా ఎప్పుడూ వాగు ఒడ్డు దాకానే, ఇన్ని వందల ఏండ్లూ అంతేగదా, ఎవురి తప్పూ లేదు అన్నారు. మామ ఏడ్చినాడు, చిన్న కొమ్ములు రెండు కొనుంటే బాగుండేదిరా అని. ఒకటి ఎనక్కి తిరిగుంటే, బండి వీధుల్లో తిరిగేటప్పుడన్నా మాట వాగు దాటి ఉండేదేమో. ఏమో. నేను చానాసార్లు లెక్కేసుకున్నా ఆ దూరం.

మర్నాటికి గత్తర ఇంకొన్ని కొత్త ఊర్ల దాకా పాకింది, వాటికీ చెప్పి రావాల. ఇనస్పెక్టరు అడగలేకపోయినాడు, మామ అడగలేకపోయినాడు. కరుణాకరమే తెల్లారేసరికి బండి కడిగి, బ్యాటరీలో నీళ్ళు పోసి, "ఎక్కయ్యా" అన్నాడు నాతో. మొదటి ఊరు వచ్చింది. చావిడి కాడ ఆపలేదు. మునసబు చెయ్యి అడ్డం పెట్టినాడు, ఆపలేదు. ఊరి బయట ముళ్ళకంప తొక్కించుకుంటా, గట్టు ఎక్కించి దించుకుంటా, నేరుగా పాలెం నడిమధ్యకి తీసకపోయి ఆపినాడు. కోళ్ళు, పిల్లోళ్ళు, ముసలోళ్ళు, అందరూ చుట్టూ చేరినారు. సినిమా బండి అని నవ్వతన్నారు. "చెప్పయ్యా" అన్నాడు. నాకు గొంతు రాలేదు. కాగితం చేతిలో ఉంది, మైకు చేతిలో ఉంది, ఒక్క అక్షరం బయటికి రాలేదు. ఆయన నా చేతిలోంచి మైకు తీసుకున్నాడు. అంతకుముందు ఆయన మైకులో మాట్లాడింది లేదు. "నేను ఎర్రవాగుపల్లె పిచ్చయ్య కొడుకుని. వాగునీళ్ళు తాగమాకండి. మా ఇంట్లో తాగినారు." అంతే. మళ్ళీ అదే చెప్పినాడు, మూడుసార్లు. నవ్వేవాళ్ళు నవ్వు ఆపినారు. ఒకామె చంకలో కుండ ఉండింది, అట్లనే బోర్లించింది.

తర్వాత ఆరేండ్లు ఆయనా నేనూ ఆ బండిలోనే తిరిగినాం. సినిమా అయినా, జబ్బయినా, ఓట్లయినా మొదట పాలెం, తర్వాతే ఊరు. మామ గొణిగేవాడు, ఊరోళ్ళు తిట్టేవాళ్ళు, ఆయన వినేవాడు కాదు. తర్వాత గిద్దలూరు పోయి షెడ్డు పెట్టుకున్నాడు. మళ్ళీ పెండ్లి చేసుకోలేదు. నేను ఎప్పుడు పోయినా టీ తెప్పించేవాడు. "బాగున్నావా అయ్యా" అనేవాడు. ఒక్కసారన్నా, ఒక్కసారన్నా ఆయన ఆ సాయంత్రం మాట ఎత్తి ఉంటే నేను కాళ్ళమీద పడేవాణ్ణిరా. ఎత్తలేదు.

ఏంది? ఇనస్పెక్టరా? ఆ, బాధపడినాడు, పాపం, పడకుండా ఎట్లుంటాడు. లేదు, ఉండు. ఉండరా. ఈ మాట నేను మీ అవ్వకి గూడా చెప్పలేదు. ఆ ఇనస్పెక్టరు ఆ వాగు ఒడ్డున ముందర సీట్లో తల వాల్చి నిద్రపోతన్నాడు. మూడు రోజుల్నుంచీ నిద్ర లేదని చెప్పినాగా. పది నిమిషాలు కాదు, అరగంట పోయినా ఆయనకి తెలిసేది కాదు. కరుణాకరం అడిగింది నన్ను. ఎనక్కి తిరిగి నన్నే అడిగినాడు, పోయొస్తానయ్యా అని. రేపు పోదువులేరా, భార్య యాడికీ పోదు, అన్నా నేను. పొద్దున తిన్నదే, నాకు ఆకలయితా ఉండింది.